బ్యాంకాక్‌లో ఆఖరి రోజు, 1,120 బాత్‌లతో

పర్సు మంచం మీద బోర్లించి లెక్కపెట్టాను. వెయ్యి నోటు ఒకటి, వంద ఒకటి, ఇరవై ఒకటి. మొత్తం 1,120 బాత్‌లు. అప్పట్లో బాత్ అంటే మన డబ్బుల్లో రెండున్నర రూపాయల పైచిలుకు. అది 2025 ఫిబ్రవరి 18, మంగళవారం, పొద్దున ఆరు కూడా కాలేదు. రాత్రి 10:25కి హైదరాబాద్ విమానం. ఈలోపు తిండి, పడవలు, రైళ్లు, చూడాల్సినవి అన్నీ ఆ డబ్బులోనే అయిపోవాలి. ఎందుకంటే అక్కడి ఏటీఎంలో మన కార్డు పెడితే, వెయ్యి తీసినా పది వేలు తీసినా, తీసిన ప్రతిసారీ అప్పట్లో 220 బాత్‌ల చార్జీ పడేది. మన బ్యాంకు వేసుకునేది దానికి అదనం. పదహారు రోజుల్లో రెండుసార్లు తీశాను. మూడోసారి మనసొప్పలేదు. కొట్లలో ప్రతిచోటా క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది గానీ నా ఫోనులోంచి ఒక్కదానికీ డబ్బు వెళ్లలేదు. నోట్లు ఉండాల్సిందే.

డబ్బు కంటే ముందు అయిపోయేది ఇంకోటి ఉంది, సిమ్. ఫిబ్రవరి 3న ఎయిర్‌పోర్టులో దిగగానే 15 రోజుల ప్యాకు వేయించుకున్నాను. 18వ తేదీ అర్ధరాత్రి దాకా ఉంటుందనుకున్నాను. ముందురోజు రాత్రి వచ్చిన మెసేజ్ చూస్తే తెలిసింది, ఆన్ చేసిన నిమిషం నుంచి లెక్కట. నేను ఆన్ చేయించింది పొద్దున 10:07కి. అంటే ఆఖరి రోజు 10:07 తర్వాత నా ఫోనులో నెట్ ఉండదు. మీలో ఎవరైనా వెళ్తుంటే రోజులు కాదు, గంటలు లెక్కేసుకుని ప్యాకు తీసుకోండి.

నాకు ఆ నెట్ ఎందుకంత అవసరమో చెప్పాలి. గ్రాండ్ ప్యాలెస్ ఆవరణలో వాట్ ఫ్రా కేవ్ అనే గుడి ఉంది. దాని చుట్టూ ఉన్న వసారా గోడల నిండా రామాయణమే, మొత్తం 178 బొమ్మలు. వాళ్లు రామకియెన్ అంటారు.  అది నాన్నతో కలిసి, వీడియో కాల్‌లో చూడాలని నా కోరిక. నాన్న ఆర్టీసీలో ముప్పై ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఆయన చిన్నప్పుడు శివరాత్రికి తెల్లవార్లూ తోలుబొమ్మలాట ఆడించేవాళ్లట. మా చిన్నప్పుడు కరెంటు పోతే చాలు, అరుగు మీద పడుకోబెట్టుకుని అందులోంచి మైరావణుడి కథ చెప్పేవాడు. రామలక్ష్మణుల్ని ఎత్తుకుపోయి పాతాళంలో దాచే రాక్షసుడి కథ. నాకది ఎంత ఇష్టమో, అంత నిద్రా వచ్చేది. ఒక్కసారి కూడా చివరిదాకా విన్నట్టు గుర్తు లేదు.

నేను బయల్దేరాక, ఫిబ్రవరి 6న నాన్నకి కంటి శుక్లం ఆపరేషన్ అయింది. అక్క దగ్గరుండి చేయించింది. డాక్టరు మళ్లీ చూసేదాకా ఫోను చూడొద్దని అక్క ఆయన ఫోను బీరువాలో పెట్టి తాళం వేసింది. 17న చూపిస్తే ఇంక ఫర్వాలేదన్నారు. అలా ప్యాలెస్ నా ఆఖరి రోజుకి మిగిలింది. తలుపులు తెరిచేది ఎనిమిదిన్నరకి, నా నెట్ ఆగేది 10:07కి.

ఏడింటికల్లా బ్యాగు సర్దేశాను. హాస్టలు గది ఖాళీ చేయాల్సింది పదకొండుకే అయినా, మళ్లీ వెనక్కి రాలేను కాబట్టి పొద్దున్నే తాళం ఇచ్చేశాను. బ్యాగు పెట్టుకున్నందుకు 50 బాత్‌లు, తీసుకునేటప్పుడు కట్టాలన్నారు. "రాత్రి పది లోపు ఎప్పుడొచ్చినా ఇస్తాం" అంది కౌంటర్లో అమ్మాయి. పాస్‌పోర్టు, ఛార్జరు, ఒక చున్నీ, నీళ్ల సీసా చిన్న సంచీలో వేసుకున్నాను. దారిలో తోపుడుబండి దగ్గర పాతొంగ్‌కో తిన్నాను. మైదాపిండితో జంటగా వేయించే బోండా లాంటిది. వేడివేడి సోయా పాలతో కలిపి 35 బాత్‌లు.

ఫ్రా ఆథిత్ రేవులో 7:40కి నారింజ జెండా పడవ ఎక్కాను. ఎక్కడ దిగినా 16 బాత్‌లే. రేవు దగ్గర పర్యాటకుల పడవకి టికెట్లమ్మేవాళ్లు ముందుగా పిలుస్తారు, దాని రేటు వేరు. మామూలు పడవకి టికెట్టు లోపలే తీసుకోవచ్చు. పడవలో కండక్టరమ్మాయి చేతిలో మూరెడు పొడవు స్టీలు గొట్టం ఉంది. నిలువునా తెరుచుకుంటుంది. లోపల చిల్లరకి అరలు, ఒక పక్క టికెట్ల చుట్ట. దాన్ని టకటక ఆడిస్తూ జనం మధ్యలోంచి వస్తుంది. ఆ చప్పుడు వినగానే కిటికీ దగ్గర కునుకు తీసేవాళ్ల చేతులు కూడా జేబుల్లోకి వెళ్తాయి. నేను ఇరవై నోటిస్తే గొట్టం మూత అంచుతోనే టికెట్టు తుంచి, నాలుగు బాత్‌లు చేతిలో పెట్టి, పడవ ఊగుతున్నా దేన్నీ పట్టుకోకుండా ముందుకెళ్లిపోయింది. పదిహేను సెకన్ల వీడియో తీసి నాన్నకి పంపాను. నేను రేవు దిగే లోపే జవాబొచ్చింది, గొంతుతో. "మాకు తోలు సంచీ, తర్వాత టికెట్లు కొట్టే టిమ్ మిషను. ఈ గొట్టం భలే ఉందమ్మా, చిల్లర ఒలికిపోదు."

థా చాంగ్ రేవులో దిగి గేటు దగ్గరికెళ్లేసరికి 8:05. అప్పటికే రెండు వరసలు. దారిలో నీట్‌గా ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన నన్ను ఆపి, ఈ రోజు పూజ ఉంది, ప్యాలెస్ మధ్యాహ్నం దాకా మూత, ఈలోపు ఇరవై బాత్‌లకి ఆటోలో వేరే గుళ్లు చూపిస్తాం అన్నాడు. చాలా మర్యాదగా చెప్పాడు. ఆ ఆటోలు రంగురాళ్ల దుకాణాల దగ్గర ఆగుతాయని చియాంగ్ మాయ్‌లో ఒకమ్మాయి నాకు ముందే చెప్పింది. ఆ అమ్మాయి చెప్పకపోయి ఉంటే నేను ఎక్కేదాన్ని. ఎవరేం చెప్పినా సరే, మీరు గేటు దాకా నడిచి వెళ్లి మీ కళ్లతో చూడండి.

బట్టల దగ్గర పట్టింపు ఎక్కువ. చేతుల్లేని జాకెట్లు, మోకాళ్లు కనిపించే నిక్కర్లు వేసుకున్నవాళ్లని వెనక్కి పంపుతున్నారు. నేను పంజాబీ డ్రెస్‌లో వెళ్లాను, నావైపు చూడను కూడా చూడలేదు. టికెట్టు 500 బాత్‌లు. వెయ్యి నోటు ఇస్తే ఒక్క అయిదొందల నోటు తిరిగొచ్చింది. ఆ టికెట్టుతోనే బయట నాటకశాలలో ఖోన్ అనే ముసుగు నాట్యం కూడా చూడొచ్చని వెనకవైపు రాసి ఉంది. చాలామంది అది చదవకుండా పారేస్తున్నారు. నేను దాచుకున్నాను.

తొమ్మిదీ అయిదుకి మొదటి బొమ్మ ముందు నిలబడి వీడియో కాల్ చేశాను. అక్కడికీ మనకీ గంటన్నర తేడా. ఇంట్లో అప్పుడు ఏడూ ముప్పై అయిదు. నాన్న నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. వెనకాల అమ్మ "తిన్నావా" అని అడుగుతోంది. కెమెరా తిప్పి గోడ చూపించాను. జనక మహారాజు నాగలి చాలులో సీతమ్మని కనుక్కునే బొమ్మ అది. నాన్న కళ్లద్దాలు తీసేశాడు. పెట్టుకో నాన్నా అంటే వినలేదు.

"బంగారం అట్లా మెరుస్తుందేంటే? నిజంగా అంతేనా, నా కంటికే అట్లా ఉందా?"

నిజంగా అంతే. రాజభవనాల గోపురాలు, కిరీటాలు, ఏనుగుల అంబారీలు అన్నిటికీ బంగారు పూత ఉంది. పొద్దుటి ఎండ వసారాలోకి ఏటవాలుగా పడుతుంటే ఆ చోట మాత్రం బొమ్మ గోడలోంచి ముందుకొచ్చినట్టుంటుంది. స్తంభాలకి పాలరాతి పలకలున్నాయి. వాటి మీద థాయ్ పద్యాలు చెక్కారు. చదవలేం గానీ మన గుళ్లలో శాసనాల ముందు నిలబడ్డట్టే అనిపించింది.

గంటలో 178 బొమ్మలు చూడలేమని అయిదు నిమిషాలకే అర్థమైంది. నాన్న ఒక్కొక్క మూల దగ్గర ఆపుతున్నాడు. "ఆ కింద చూపించు, ఆ వంటవాళ్లని." "ఆ కోతి ఎవర్నో లాగుతుంది చూడు." పెద్ద బొమ్మలో యుద్ధం జరుగుతుంటే, చిన్నచిన్న మూలల్లో మామూలు జనం ఉంటారు. జూదమాడేవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. అవి నేనైతే చూసేదాన్నే కాదు, ఆయన కంటికే ఆనాయి. రాముడు కనిపించగానే మాత్రం ఆగిపోయాడు.

"రాముడు పచ్చగా ఉన్నాడేంటి?"

వాళ్ల రాముడు ఆకుపచ్చే. లక్ష్మణుడు బంగారు రంగు, హనుమంతుడు తెలుపు. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పైరు రంగులే. బాగానే ఉన్నాడు" అన్నాడు.

నేను గబగబా నడిచి మైరావణుడి కోసం వెతికాను. వాళ్లు మైయరాప్ అంటారు. ఒక గైడు నలుగురు ముసలివాళ్లకి ఇంగ్లీషులో వివరిస్తుంటే పక్కన నిలబడి విన్నాను. ఫోను కూడా అటే పట్టుకున్నాను. హనుమంతుడు ఒళ్లు పెంచి కొండంతై, రాముడు పడుకున్న మండపాన్ని నోట్లో పెట్టుకుని కాపలా కాస్తున్నాడు. మైయరాప్ గొట్టంతో నిద్రమందు ఊది సైన్యం మొత్తాన్ని పడుకోబెడతాడు. నాన్న ఆగలేకపోయాడు. "మన దాంట్లో తోకతో కోట కడతాడమ్మా. చుట్టలు చుట్టలుగా. వాడు విభీషణుడి వేషంలో లోపలికొస్తాడు." నేనది వింటూ బొమ్మ చూస్తుంటే, మా అరుగు మీది చీకటి, విసనకర్ర చప్పుడు గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

ఆ గైడే చెప్పింది, పాతాళానికి వెళ్లే దారిలో తామర కొలను దగ్గర ఒక కుర్రాడు కాపలా ఉంటాడట. ఒళ్లంతా తెల్ల కోతి, తోక మాత్రం చేప తోక. హనుమంతుడి కొడుకే. తల్లి రావణుడి కూతురు, సువర్ణమత్స్య అనే చేపకన్య. హనుమంతుడు ఆమెని ప్రేమించి పెళ్లాడాడు అనేసరికి నాన్న వెంటనే "అది కాదు" అన్నాడు. "ఆయన బ్రహ్మచారి. చెమట చుక్క సముద్రంలో పడితే చేప మింగింది. వాడే మత్స్యవల్లభుడు." గైడు ఇంకో మాట కూడా చెప్పింది. ఆ కుర్రాడు నువ్వే మా నాన్నవని నమ్మకం ఏంటి అని అడిగితే, హనుమంతుడు ఆవులించి నోట్లోంచి చంద్రుణ్ణి, చుక్కల్ని బయటికి తీసి చూపించాడట. అది నాన్నకి చాలా నచ్చింది. "ఏదీ, మళ్లీ చెప్పు" అన్నాడు. చెప్పాను. "మన దాంట్లో ఇద్దరూ కొట్టుకుంటారు. ఎవరూ ఓడరు. అప్పుడు ఆ పిల్లాడు ఏమంటాడంటే..."

బొమ్మ ఆగిపోయింది. నాన్న నోరు తెరిచి ఉన్నాడు, చెయ్యి గాల్లో ఉంది. టైము చూశాను, 10:07. ఒక్క నిమిషం కూడా కలిసి రాలేదు.

నాకు ఏడుపొచ్చింది. విదేశంలో ఒంటరిగా పదహారు రోజులు తిరిగాను. బస్సు తప్పిపోయినప్పుడు గానీ, సుఖోథాయ్‌లో జ్వరం వచ్చినప్పుడు గానీ రాలేదు. స్తంభానికి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. తర్వాత ఇంక చేసేదేం లేదని, ఆ కథ ఉన్న బొమ్మలన్నీ నెమ్మదిగా వీడియో తీశాను. మూలలు కూడా వదల్లేదు. ఆయన ఎక్కడ ఆపమంటాడో ఊహించి అక్కడ ఆపాను. రెండు వీడియోలు, ఇరవై రెండు నిమిషాలు.

లోపల మరకత బుద్ధుణ్ణి చూశాను. విగ్రహం 66 సెంటీమీటర్లే, కానీ ఎత్తైన పీఠం మీద ఉండడంతో తలెత్తి చూడాలి. ఏడాదికి మూడుసార్లు, రుతువు మారినప్పుడు బట్టలు మారుస్తారు. నేను వెళ్లినప్పుడు చలికాలపు బట్టల్లో ఉన్నాడు, బయట మాత్రం ఎండ మండిపోతోంది. ఫొటోలు తీయనివ్వరు. కాళ్లు విగ్రహం వైపు చాపకూడదు, వెనక్కి మడిచి కూర్చోవాలి. చెప్పులు విప్పినచోట నాలుగైదు వందల జతలుంటాయి, గుర్తు పెట్టుకోండి. నావి వెతకడానికి పది నిమిషాలు పట్టింది.

ఖోన్‌కి ప్యాలెస్ దగ్గర్నుంచే బండి ఉంది, ఉచితం. నాటకశాల చల్లగా ఉంది. అరగంట కూడా ఉండదు ఆట. తెల్ల ముసుగు వేసుకున్న హనుమంతుడు గోక్కోవడం, గెంతడం, మెడ ఒక్క పక్కకి తిప్పి ఆగడం, ముసుగులోంచి ముఖం కనిపించకపోయినా అల్లరి మొత్తం కనిపించింది. మాటలన్నీ పక్కన కూర్చున్నవాళ్లే చెబుతారు, మన తోలుబొమ్మలాటలో తెర వెనకాల చెప్పినట్టు. హాల్లో సగం కుర్చీలు ఖాళీ.

బయటికొచ్చి ఒక చిన్న కొట్లో అన్నం, తూటికూర వేపుడు తిన్నాను, 60 బాత్‌లు. వాళ్లు ఫక్ బుంగ్ అంటారు. మా ఊరి కాలవ గట్టున పెరిగే తూటికూరే. వెల్లుల్లి, పండుమిరపకాయ వేసి పెద్ద మంట మీద నిమిషంలో తీసేస్తారు. శాకాహారులైతే చేప సాస్ వద్దని ముందే చెప్పాలి, లేకపోతే కూరలో కూడా పోస్తారు. రేవుకెళ్లే దారిలో తామరమొగ్గలమ్మే ఒకావిడ ఒక్కొక్క రేకునీ వేలితో లోపలికి మడుస్తూ కూర్చుంది. రేకు కొస పట్టుకుని, సగానికి వంచి, గోరు తగలకుండా కిందికి నొక్కడం. పది రేకులు మడిచేసరికి మొగ్గ పువ్వవుతుంది. 20 బాత్‌లకి ఒకటి కొని నేను మడవబోతే మొదటి రేకే చిరిగింది. ఆవిడ నా వేలు పట్టుకుని చూపించింది. దాన్ని దగ్గర్లో ఉన్న చిన్న గుళ్లో పెట్టేశాను.

3:40కి హాస్టలుకి చేరాను. తలుపుకి తాళం.

అద్దానికి ఒక కాగితం అంటించి ఉంది, థాయ్‌లో. నెట్ లేదు కాబట్టి కెమెరాతో అనువాదం చేసుకునే దారి లేదు. ఆ భాష ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాల్సింది. నాలుగు దాకా మెట్ల మీద కూర్చున్నాను. నాలుగూ పది. ఎవరూ రాలేదు. గుండె దడ మొదలైంది. బట్టలు పోతే పోయాయి, ఆయుత్థయలో అమ్మకి కొన్న శాలువా, తోటి ప్రయాణికులు రాసిచ్చిన కాగితాలు అన్నీ అందులోనే. అయిదు దాటితే రోడ్లన్నీ నిండిపోతాయని తెలుసు.

పక్కన బట్టలుతికే కొట్టు ఉంది. కిలో లెక్కన ఉతికి మడతపెట్టి ఇస్తారు. నేను రెండుసార్లు వేశాను. ఆ కొట్టావిణ్ణి అందరూ "పా" అని పిలుస్తారు, మన పెద్దమ్మ లాంటి పిలుపు. నేనూ పా అనే పిలిచి కాగితం వైపు చూపించాను. ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చి చదివి, నాలుగు వేళ్లు చూపించి, ఇంకో చేత్తో సగం అన్నట్టు కోసింది. నాలుగున్నర. నేను విమానం ఎగిరినట్టు చెయ్యి ఊపి, గడియారం చూపించాను. వెంటనే ఎవరికో ఫోను చేసింది. గొంతు పెంచి మాట్లాడింది. తర్వాత నన్ను తన స్టూలు మీద కూర్చోబెట్టి, ఫ్యాను నా వైపు తిప్పి, పుచ్చకాయ ముక్కలు పెట్టింది. ఉతికిన బట్టల వాసన, ఇస్త్రీ ఆవిరి, ఆ చల్లటి పుచ్చకాయ. డబ్బులివ్వబోతే చేతులు జోడించి వద్దంది. 4:35కి కౌంటరమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లిందట. 50 బాత్‌లు కట్టి బ్యాగు తీసుకున్నాను. ఆ పిల్ల మీద కోపం రాలేదు. కానీ మీరు విమానం రోజు బ్యాగు దాచుకునేటప్పుడు, కౌంటర్లో మనిషి ఏ గంట నుంచి ఏ గంట దాకా ఉంటారో అడిగి, ఒక ఫోన్ నంబరు రాయించుకోండి.

రోడ్డు మీద బండ్లు కదలడం లేదు. బ్యాగుతో మళ్లీ పడవే ఎక్కాను. పాతిక నిమిషాలు ఎదురుచూస్తేగానీ రాలేదు. అదే 16 బాత్‌లు. రాచినీ రేవులో దిగి, సనమ్ చాయ్ మెట్రో స్టేషనుకి చేరేసరికి ఆరుకి అయిదు నిమిషాలు తక్కువ. ఆ స్టేషను లోపల పాత రాజదర్బారులా కట్టారు. తామరపూల తలలున్న స్తంభాలు, ఎరుపూ బంగారూ కలిసిన పైకప్పు. టికెట్టు నల్లటి ప్లాస్టిక్ బిళ్ల. నలభై బాత్‌ల దాకా అయింది. బిళ్ల చేతిలో పట్టుకుని గేటు వైపు నడుస్తుంటే స్పీకర్లలో పాట మొదలైంది. నా ముందు నడుస్తున్న మనిషి ఆగిపోయాడు. పక్కన స్కూలు పిల్లలు ఆగిపోయారు. నేల తుడిచే ఆవిడ కర్ర నిటారుగా పట్టుకుని నిలబడింది. ఆరు గంటల జాతీయగీతం. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి ప్రతిరోజూ వేస్తారు. నేనూ బ్యాగు బరువుతో అలాగే నిలబడ్డాను. పొద్దుట్నుంచి గడియారంతో పరుగు పెడుతున్నదాన్ని, నన్ను ఎవరూ తొందరపెట్టని నిమిషం అదొక్కటే. పాట ఆగగానే అందరూ ఏమీ జరగనట్టు నడక మొదలుపెట్టారు.

ఫెచబురీ స్టేషన్లో దిగి, బయటి దారిన నడిచి మక్కసన్ స్టేషన్లో ఎయిర్‌పోర్టు రైలెక్కాలి. ఇక్కడ బిళ్ల ఎర్రది, 35 బాత్‌లు. ఆఫీసులు వదిలే వేళ కాబట్టి మొదటి రైల్లో కాలు పెట్టే చోటు లేదు. వదిలేశాను. రెండోదాన్లో బ్యాగు ముందుకి తగిలించుకుని, దాని మీద గడ్డం ఆనించుకుని నిలబడ్డాను. రైల్లో స్టేషను పేరు సువన్నఫూమ్ అని చెబుతారు. బోర్డు మీద సువర్ణభూమి అని ఉంటుంది.

ఏడున్నరకి చేరాను. పైన బయల్దేరే అంతస్తులో తిండి రేట్లు ముట్టుకుంటే కాలేలా ఉన్నాయి. ఒకటో అంతస్తులో ఎనిమిదో గేటు వైపు నడిస్తే ఎయిర్‌పోర్టు సిబ్బంది తినే చోటు ఉంది. ముందు కూపన్లు కొనాలి, మిగిలినవి తిరిగిచ్చేయొచ్చు. అన్నం, గుడ్డు, కూర 70 బాత్‌లు. చెక్-ఇన్ వరసలో నలభై నిమిషాలు, ఇమిగ్రేషన్‌లో ఇంకో ముప్పై అయిదు. అధికారి మాట్లాడకుండా ముద్ర వేసి పాస్‌పోర్టు తోశాడు. పర్సులో ఇంకా 250 బాత్‌ల పైనే ఉన్నాయి.

లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా క్షీరసాగర మథనం. నిజం. మధ్యలో మందరగిరి, దాని మీద విష్ణుమూర్తి, కింద తాబేలు, వాసుకిని పట్టుకుని ఒక పక్క దేవతలు, ఇంకో పక్క రాక్షసులు. పొడవుగా, మనుషుల కంటే ఎత్తుగా, రంగులతో. సెల్ఫీలు తీసుకునేవాళ్ల పక్కన గోడ వారగా బ్యాగు పెట్టుకుని కూర్చుని, ఎయిర్‌పోర్టు వైఫైలో రిజిస్టర్ చేసుకుని, 9:15కి నాన్నకి కాల్ చేశాను.

ఒక్క రింగుకే ఎత్తాడు. నల్ల కళ్లద్దాలు లేవు. "పొద్దున ఏమైందమ్మా, ఎన్నిసార్లు చేశానో" అన్నాడు. సిమ్ సంగతి చెప్పాను. తాళం సంగతి చెప్పలేదు, అమ్మ వింటోంది. వెనకాల ఉన్న బొమ్మ చూపించాను. నాన్న రాక్షసుల వైపు ముఖాలు ఒక్కొక్కటీ చూపించమన్నాడు, నడిచి చూపించాను. తర్వాత మళ్లీ కూర్చుని అడిగాను.

"నాన్నా, ఆ పిల్లాడు ఏమంటాడు? కొలను దగ్గర."

ఆయన ఫోనుని దేనికో ఆనించి పెట్టుకుని, రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు. మత్స్యవల్లభుడు నన్ను గెలిచింది నువ్వొక్కడివే, నీ పేరేంటి అని అడుగుతాడట. పేరు చెప్పగానే కాళ్ల మీద పడతాడట. కానీ తిన్న ఇంటికి ద్రోహం చేయలేను, దారి మాత్రం నువ్వే వెతుక్కో అంటాడట. హనుమంతుడు నీళ్ల కుండలో దూరి కోటలోకి వెళ్తాడు. లోపల కాళికాలయం. రామలక్ష్మణులు నిద్రలోనే ఉన్నారు. కొడితే మైరావణుడు పడతాడు, పడి మళ్లీ లేస్తాడు. ఎన్నిసార్లు కొట్టినా లేస్తాడు. వాడి ప్రాణం వాడి దగ్గర లేదు, తుమ్మెదల్లో ఉంది. ఆ తుమ్మెదలు ఎక్కడున్నాయంటే...

నా గేటు నంబరు పిలిచారు. నేను లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంటూ, "నాన్నా, ఎక్కమంటున్నారు, ఉంటాను" అన్నాను.

"ఆగమ్మా," అన్నాడు, "ఇంకా మైరావణుడు చావలేదు."

ఫోను పట్టుకుని, వింటూ, గేటు వైపు నడిచాను.